లింగవ్వ ఇంటి షరతు

బ్రెండా అన్న పేరుకు బోధన్‌లో తోక తగలడానికి ఎన్నో రోజులు పట్టలేదు. బ్రెండవ్వ అయిపోయింది. తెల్లటి మనిషి, నెరిసిన పొట్టి జుట్టు, నైటీ మీద తువ్వాల వేసుకుని కూరగాయల బండి దగ్గర నిలబడితే జనం ఎగాదిగా చూడకుండా ఎట్లా ఉంటారు? చూశారు. చూసి చూసి వాళ్లకే విసుగొచ్చి మానేశారు. ఇంగ్లండులో లెస్టర్ అనే ఊళ్లో బడిపిల్లలకు ఏళ్లకేళ్లు వండిపెట్టిన మనిషి ఆమె. మొగుడు రవీందర్ అదే ఊళ్లో సిటీ బస్సు నడిపాడు. పుట్టింది మాత్రం బోధన్‌లో. అక్కడి చలికి మోకాళ్లు పట్టేస్తున్నాయి, మా ఊరికి పోదాం పద అన్నాడు. సరే అంది. పిల్లా జెల్లా లేరు, అడ్డం చెప్పేవాళ్లూ లేరు.

వచ్చిన కొత్తలో ఆమెకు ప్రతిదీ పరీక్షే. నల్లా ఎప్పుడొస్తుందో చెప్పరు, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పరు. కుక్కర్ కూత పెట్టినప్పుడల్లా ఉలిక్కిపడేది. విదేశీ మనిషి కాబట్టి నిజామాబాద్ పోయి పోలీసాఫీసులో పేరు రాయించుకోవాలి. ఏ కాగితం అడిగినా దానికి ముందు ఇంకో కాగితం కావాలంటారు. ఈ గోలంతా ఎందుకని ఫోను సిమ్ము, గ్యాసు, ఇంటి కిరాయి అన్నీ రవీందర్ తన పేరు మీదే తీసుకున్నాడు.

మాటలు కూడా అంతే, అతని మీదుగానే రావాలి. ఆమెకు తెలుగు రాదని కాదు. నింపాదిగా మాట్లాడితే అర్థమయ్యేది, జవాబు కూడా మొగుడి యాసలోనే ఇచ్చేది. ఎవరన్నా గబగబా అన్నారంటే మాత్రం పక్కకు తిరిగి రవీందర్ ముఖం చూసేది. అతను విన్నదాన్ని వడగట్టి చెప్పేవాడు. "ఈ ముసల్దానికి గీ ఎండల ఏం పని" అని బండివాడంటే, ఎండగా ఉంది జాగ్రత్త అంటున్నాడని చెప్పేవాడు. ఆమె బండివాడికి నవ్వుతూ దండం పెట్టేది. మంచి మొగుడే, కాదని ఎవరంటారు? మంచి మొగుళ్లతో వచ్చే చిక్కే అది మరి.

వాళ్లు కిరాయికి దిగింది లింగవ్వ ఇంటి మీది వాటాలో. లింగవ్వ డెబ్బై దాటిన మనిషి. బీడీలు చుట్టీ చుట్టీ ఆ ఇల్లు కట్టింది. ఇల్లు మాట్లాడుకున్న రోజు కూడా బీడీల చాట ఒళ్లో నుంచి దించకుండానే తన షరతు చెప్పింది. ఆమె చెయ్యెంత వేగమో నోరూ అంత వేగం. రవీందర్ ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత నవ్వి, "సరే అవ్వ" అన్నాడు.

"ఏమన్నదామె?" అని బ్రెండా అడిగింది.

"ట్యాంకు నిండంగనే మోటర్ బంద్ చెయ్యాలంట. నీళ్లు వట్టిగ పోతే ఊకోదంట."

బ్రెండా లింగవ్వ వైపు తిరిగి, ఒప్పుకున్నట్టు గట్టిగా తలూపింది. ఊపడమే కాదు, మాట నిలబెట్టుకుంది కూడా. పొద్దున మోటర్ వేసిన దగ్గర్నుంచి స్విచ్చు పక్కనే నిలబడేది. పాలు పొంగిపోకుండా పొయ్యి దగ్గర కాపలా కాసినట్టు, పైపులో నీళ్ల చప్పుడు మారడం కోసం చెవి ఒగ్గి కాసేది. ఒక్క చుక్క పోనిచ్చేది కాదు. పరాయి దేశంలో ఇంటి యజమానురాలి చేత మాట పడకుండా బతుకుతున్నానని ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది.

చెరుకు కొట్టే రోజుల్లో ఒక పొద్దున రవీందర్ టీ తాగుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. నిజామాబాద్ ఆస్పత్రికి తీసుకుపోయారు. మధ్యాహ్నానికి అయిపోయింది. అతని అక్క కొడుకు శివకుమార్ పరుగున వచ్చి అన్నీ చూసుకున్నాడు. బ్రెండా ఏడవలేదు. ఒళ్లు ఎవరిదో అయినట్టుంది ఆమెకు, నొప్పి కూడా ఇంకెవరిదో అయినట్టుంది. ఒక్క సంగతి మాత్రం గట్టిగా పట్టుకుని కూర్చుంది. అతన్ని మీదికి, తమ గదిలోకి తీసుకుపోవాలి. కిటికీ పక్కన అతని మంచం మీద పడుకోబెట్టి, వేడినీళ్లతో ముఖం తుడిచి, కాసేపు తలుపు వేసుకుని కూర్చోవాలి. అంతకు మించి ఆమెకేమీ అక్కర్లేదు. అంబులెన్సులో దారి పొడుగునా శివకుమార్‌తో అదే చెప్పింది. అతను ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు.

ఇంటికొచ్చేసరికి గేటుకు తాళం వేసి ఉంది. లోపల లింగవ్వ నిలబడి ఉంది.

"అవ్వ, గేటు తియ్యి. రవీందర్‌ను మీదికి తీస్కపోవాలె," అంది బ్రెండా.

"తియ్య బిడ్డ. కిరాయికున్నోళ్ల పీనుగ ఇంట్లకు రావద్దు. మొదటి దినమే ఖుల్లా చెప్పిన. నీ పెనిమిటి సరే అన్నడు, నువ్వు గూడ తలకాయ ఊపితివి. గిప్పుడు గిట్ల నిలవడితె నేనేం జెయ్యాలె?"

మాట వేగంగా వచ్చింది. బ్రెండా అలవాటు కొద్దీ పక్కకు తిరిగి రవీందర్ కోసం చూసింది. పక్కన అంబులెన్సు డ్రైవరున్నాడు.

శివకుమార్ తల దించుకుని నెమ్మదిగా చెప్పాడు. "అత్తమ్మా, ఇక్కడంత గిట్లనే ఉంటది. సొంత ఇల్లయితేనే లోపలికి తీస్కపోనిస్తరు. మామకు ఎరుకనే. నీకు చెప్పలేదా?"

మోటర్ సంగతి బ్రెండాకు అప్పుడే బోధపడింది. కోపం రావలసిన చోట కోపం రాలేదు, దుఃఖం రావలసిన చోట దుఃఖం రాలేదు. సరే అంది.

ఇది లింగవ్వ ఒక్కతే కనిపెట్టిన పాపం కాదు లెండి. శవం లోపలికొస్తే ఇంటికి అరిష్టమంటారు, మిగతా కిరాయిదారులు మూట కట్టుకుని పోతారంటారు. నమ్మనివాళ్లు కూడా తమ ఇంటి దాకా వచ్చేసరికి నమ్ముతారు. సడక్ మీదే షామియానా వేశారు. అద్దాల ఐసు పెట్టెలో రవీందర్‌ను పడుకోబెట్టారు. బ్రెండా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఒకసారి తలెత్తి తమ కిటికీ చూసింది. పొద్దున ఆరేసిన అతని తువ్వాల అక్కడే వేలాడుతోంది. చెరుకు ట్రాక్టరొకటి వచ్చి షామియానా ముందు ఆగింది. నడిపే తుకారాం దిగి చేతులు జోడించి, బండిని వెనక్కి తీసుకుని వేరే దారిన పోయాడు. ఎదురింటి రబియా వచ్చి చెయ్యి పట్టుకుని తన ఇంట్లో బాత్రూముకు తీసుకుపోయింది, గిన్నెలో చాయ్ పోసి తాగేదాకా కదలలేదు. ఈమె ఏడవదేంది, గుండె రాయా ఏంది అని వచ్చిన ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఆ గుసగుసలు నింపాదిగానే ఉన్నాయి కాబట్టి బ్రెండాకు అన్నీ అర్థమయ్యాయి.

లింగవ్వ మాత్రం గేటు అవతల మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆ రోజు చాట ముట్టలేదు. గేటు మీదుగా నీళ్ల చెంబు అందించింది తప్ప తాళం తీయలేదు. రవీందర్‌ను ఎత్తుకుపోయాక, ఆచారం ప్రకారం వాకిట్లోనే బ్రెండా నెత్తిన నీళ్లు పోసింది. అవి కాచిన నీళ్లు. వేడి సరిపోయిందా బిడ్డ అని అడిగితే, ఏమో తెలుస్తలేదు అంది బ్రెండా.

దినవారాలు అయ్యాక శివకుమార్ అడిగాడు, మీ దేశం పోతావా అత్తమ్మా అని. అక్కడ ఎవరున్నరు అని ఆమె తిరిగి అడిగింది. ఇల్లు ఖాళీ చేసి వచ్చేశారు కదా. గ్యాసు బుక్ చేయడానికి రవీందర్ ఫోనే నొక్కాలి, అందుకని అతని ఫోనుకు రోజూ ఛార్జింగు పెట్టేది. వండుకునేది, తినేది. రుచి తెలిసేది కాదు. పొద్దున్నే మోటర్ వేసి, స్విచ్చు పక్కన నిలబడి, ట్యాంకు నిండగానే బంద్ చేసేది. ఆ షరతు ఉత్తదని తెలిసీ మానలేదు. ఆ ఊళ్లో ఆమెకు బాగా వచ్చిన పని అదొక్కటే.

ఒక పొద్దున లింగవ్వ కిరాయి కాగితం ఎవరి పేరు మీద మార్చాలో అడగడానికి మెట్లెక్కి వచ్చింది. వచ్చి, బ్రెండాను చూసి ఆగిపోయింది.

"దినాం గా స్విచ్చు కాడ గట్ల నిలవడి ఏం జూస్తవు బిడ్డ?"

"ట్యాంకు నిండంగనే బంద్ చెయ్యాలె గద. నీ షరతంట."

"నా షరతా? మోటర్ ముచ్చట నేనెన్నడన్న? నీళ్లు ఎక్కువైతె కింద కర్యాపాకు చెట్టుకే పోతయి."

"రవీందర్ గట్లనే చెప్పిండు."

లింగవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మెల్లగా గడప మీద కూలబడింది. "అంటె, గేటు కాడికి వచ్చినప్పుడు నీకు ఎరుకనే లేదా? తెలిసి ఒప్పుకొని మాట తప్పుతున్నవని కోపమొచ్చె నాకు." కొంగు కళ్లకద్దుకుంది. "నా పెనిమిటిని గూడ కిరాయి ఇంటి బయటనే వెట్టిన్రు బిడ్డ, వానల. గప్పుడే అనుకున్న, సస్తెనన్న సొంత ఇంట్ల సావాలెనని. కట్టుకున్న. కట్టుకున్నంక నేను గూడ గేటేసిన, సూడు."

బ్రెండా ఆమె పక్కనే గడప మీద కూర్చుంది. తర్వాత అడిగింది.

"నేను సచ్చిపోతె, అవ్వ? నన్ను గూడ బయటనేనా?"

లింగవ్వ ఒక అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఆ సమయంలో ఎవరైనా చెబుతారు. రవీందర్ అయితే తప్పకుండా చెప్పేవాడు. లింగవ్వ ముక్కు తుడుచుకుని బ్రెండా ముఖంలోకి చూస్తూ, ఆమెకు అర్థమయ్యేటట్టు నింపాదిగా చెప్పింది.

"అవ్ బిడ్డ. నిన్ను గూడ బయటనే. కాని నేను గేటు లోపల ఉండ. నీ పక్కకొచ్చి కూసుంట."

ఈ మాటకు బ్రెండా పక్కకు తిరిగి ఎవరి ముఖమూ చూడలేదు. ఆ ఊరు ఆమెతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. సరే అనబోయింది. అప్పుడు ఏడ్చింది. రవీందర్ పేరు పెట్టి పిలుస్తూ, నాకెందుకు చెప్పలేదని అడుగుతూ, వీధి వీధంతా వినబడేలా ఏడ్చింది. ఎదురింటి నుంచి రబియా వాకిట్లోకి వచ్చి పైకి చూసింది.

ట్యాంకు నిండింది. నీళ్లు పైపు వెంట కారి కరివేపాకు చెట్టు మొదట్లో పడుతున్నాయి. లింగవ్వ ఆమె తలను భుజానికి ఆనించుకుని కూర్చుంది. మోటర్ బంద్ చేయడానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు.