తలుపు తీసిపెట్టి తినే మనిషి

మా టీచరత్త పోయిన సంగతి ముందుగా బయటపెట్టింది వేసి ఉన్న ఒక తలుపు. ఆదివారం పొద్దున మడివాళ మార్కెట్లో నేను వంకాయలు ఏరుకుంటూ ఉంటే, ఆమె ఇంటి పై అంతస్తు పీజీలో ఉండే కడప అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఆంటీ తలుపు వేసుందక్కా. టిఫిన్ టైమ్ దాటిపోయింది. ఎంత కొట్టినా పలకట్లేదు" అంది. బెంగళూరులో తలుపు వేసి ఉందని ఎవరైనా కంగారు పడతారా? ఈ ఊళ్ళో అందరి తలుపులూ వేసే ఉంటాయి. కానీ మా అత్త తినే వేళకు ఆమె తలుపు వేసి ఉండదు. ఆ బిల్డింగుకు నీళ్ళ క్యాన్లు వేసే మనిషికి కూడా ఆ సంగతి తెలుసు. వంకాయలు అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను.

నా దగ్గరున్న తాళంచెవితో తీశాం. నిద్రలోనే పోయింది. నేను ఆసుపత్రిలో నర్సును. చెయ్యి ముట్టుకోగానే తెలిసిపోయింది. ఆ అమ్మాయి గోడకు ఆనుకుని భోరుమంది. నేను కిటికీ తీశాను, దుప్పటి సర్దాను, డాక్టరుకూ అన్నకూ పాస్టరు గారికీ ఫోన్లు చేశాను. ఆ వారమంతా నా కంట చుక్క నీరు రాలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, సిగ్గుపడుతూనూ చెప్పడం లేదు. పన్ను పీకేముందు మత్తు ఇస్తే దవడ ఎలా ఉంటుందో, మనిషినంతా అలా ఉన్నాను.

ఆమె మా నాన్నకు చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. తాతల కాలంలో అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం మాది. అత్త ఈ ఊళ్ళోనే ఒక చర్చి బడిలో ఇంగ్లీషు, లెక్కలు చెప్పి రిటైరైంది. రిటైరైన వాళ్ళంతా మోకాళ్ళు చూపించుకోవడానికి తిరుగుతుంటే ఈమె పాస్‌పోర్టు చేయించుకుంది. థాయిలాండ్ ఉత్తరాన, బర్మా సరిహద్దు కొండల్లో, కరెన్ అనే జనం ఉంటారు. వాళ్ళ పల్లె ఒకదానిలో చర్చి వాళ్ళు నడిపే చిన్న బడి ఉంది, పెద్ద పిల్లలకు చెప్పే వాళ్ళు లేరు, జీతం ఉండదు, అన్నం పెడతారు అని ఎవరో ప్రార్థనలో చెప్పారట. అంతే, వెళ్ళింది. ఏటా వానలు తగ్గాక వెళ్ళి, ఎండలు ముదరక ముందే వచ్చేది. "ఈ వయసులో ఆ అడవిలో నీకేం పనత్తా?" అని మా అన్న కేకలేస్తే, "అన్నం పెడతారంట కదప్పా, ఇంకేం కావల్ల?" అనేది. ఆడా మగా తేడా లేదు, ఆమెకు అందరూ అప్పాలే.

ఈ నవంబరులో ఇద్దరం వెళ్ళాలనుకున్నాం. ఆమె మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, తోడు నేనుంటే అక్కడి ఇళ్ళ నిచ్చెనలెక్కుతానంది. నేను సెలవు కూడా మాట్లాడుకున్నాను. ఆ బడిలో చిన్న పిల్లలకు చెప్పే ఒకావిడ ఉంది. కొండ కింద పెద్ద బడిలో చేరాల్సిన పిల్లలను తయారు చేసేది మాత్రం అత్త ఒక్కతే. ఆమె వెళ్ళకపోతే ఆ తరగతి ఉండదు. ఇప్పుడు ఆమె లేదు. మరి నేనొక్కదాన్నీ వెళ్ళాలా, మానాలా? సమాధి దగ్గర మట్టి వేస్తున్నప్పుడు కూడా నా బుర్రలో ఈ ఒక్క ప్రశ్నే తిరుగుతోంది. ఏడుపు రావాల్సిన చోట ఇది వచ్చి కూర్చుంది.

మొదటి ఏడాది ఆమె అక్కడ పస్తు పడుకున్న కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఆ పల్లెలో ఒక పద్ధతి ఉంది. అన్నం తినేటప్పుడు తలుపు తీసి ఉంటుంది. ఇంటి ముందు నుంచి ఎవరు వెళ్తున్నా, తెలిసినా తెలియకపోయినా, "రండి, తిందాం" అని కేకేస్తారు. తినాలనుంటే ఎక్కి వచ్చి కూర్చుంటారు, లేకపోతే తిన్నామని చెప్పి పోతారు. అత్త చేరిన రోజు సాయంత్రం బడి నుంచి నడుచుకుంటూ వస్తుంటే ఒక ఇంటి వాళ్ళు పిలిచారు. మనమేం చేస్తాం? పిలవగానే ఎగబడితే ఏం బాగుంటుందని, "అయ్యో వద్దండీ, ఇప్పుడే తిన్నా" అంటాం. వాళ్ళు చెయ్యి పట్టుకుని లాగితే, ఇంకోసారి వద్దని, అప్పుడు కూర్చుంటాం. ఈమె కూడా వద్దంది. వాళ్ళు సరేనని తల ఊపి అన్నంలో చెయ్యి పెట్టారు. పక్క ఇంటి వాళ్ళు పిలిచారు. మళ్ళీ వద్దంది. వాళ్ళూ సరేనన్నారు. తను దిగిన ఇంటికి చేరేసరికి, ఊరంతా పిలిచింది కదా, ఎక్కడో తినే ఉంటుందని ఇంటావిడ గిన్నెలు కడిగి బోర్లించేసింది. "కడుపులో ఎలకలు పరిగెత్తుతా ఉండాయి, నోట్లోంచి మాత్రం తినేసినా తినేసినా అని వస్తా ఉండాది" అని చెబుతూ చెబుతూ తానే పడీ పడీ నవ్వేది.

మర్నాడు పొద్దున మొదటి ఇంటి వాళ్ళు పిలవగానే చెప్పులు విప్పి ఎక్కేసిందట. అప్పటినుంచి ఆమెకు మొహమాటమనే జబ్బు పూర్తిగా వదిలిపోయింది. "పిలిచేది ఒక్కసారే పిలవల్ల. రెండోసారి అడిగితే అది బలవంతం అప్పా. మనిషి చెప్పిన మాట నమ్మల్ల కదా!" అనేది. బెంగళూరు వచ్చాక కూడా అదే పట్టుకుంది. ఇంటికొచ్చిన చుట్టాలను కాఫీ తాగుతారా అని ఒక్కసారి అడిగేది. వాళ్ళు మర్యాదకు వద్దంటే, సరేనని ఊరుకునేది. వర్తూరులో ఉండే మా పెద్దమ్మ అలా కాఫీ లేకుండా మూతి ముడుచుకుని వెళ్ళిపోయి చాలాకాలం ఫోన్ కూడా చేయలేదు. "ఏంటత్తా, ఇంకోసారి అడిగితే నీ సొమ్మేం పోయింది?" అంటే, "ఆమె వద్దనింది, నేను విన్నా. తప్పెవరిది?" అంది.

నేను ఒకసారి ఆమెతో ఆ పల్లెకు వెళ్ళాను. బ్యాంకాక్ దాకా విమానం, అక్కడినుంచి బస్సు, చివరికి పికప్ బండి వెనకాల కూరగాయల బుట్టల మధ్య కూర్చుని కొండ ఎక్కడం. నేను బండి కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను, ఆమె మాత్రం దారి పొడుగునా పక్కవాళ్ళ బుట్టల్లో ఏముందో అడుగుతూనే ఉంది. అక్కడి ఇళ్ళు స్తంభాల మీద ఉంటాయి. నిచ్చెన ఎక్కి పోవాలి. వెదురు చీల్చి పరిచిన నేల, అడుగు వేస్తే కిందికి దిగి పైకి లేస్తుంది. మా అత్త లావు మనిషి. ఆమె నడుస్తుంటే పళ్ళేలు గలగలలాడేవి, పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. నేల సందుల్లోంచి మెతుకులు రాలితే కింద కోళ్ళకు పండగ. తెల్లవారకముందే ఆడవాళ్ళు రోట్లో ధాన్యం పోసి, పొడుగాటి దుంగను కాలితో తొక్కుతూ దంచుతారు. ఆ దబ్ దబ్ చప్పుడుకే ఊరు లేస్తుంది. ఆ చప్పుడులో ఆమె దుప్పటి ముసుగు తీయకుండానే ప్రార్థన చేసుకునేది.

అక్కడ పెళ్ళికాని ఆడపిల్లలు పాదాల దాకా తెల్లటి నేత గౌను వేస్తారు. పెళ్ళయిన వాళ్ళకు రంగుల రవిక, లుంగీ. అత్తకు పెళ్ళి కాలేదని తెలిసి, ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె కొలతకు ఇంత వెడల్పు తెల్ల గౌను నేసి ఇచ్చారు. "అరవై దాటినాక నన్ను కన్నెపిల్లను చేసినారప్పా!" అని అది వేసుకుని బడికి పోయేది. ఆమె ఇంగ్లీషు పాఠం తిండితోనే మొదలు. పొద్దున్నే ఒక్కొక్కరూ లేచి, ఏం తిన్నారో ఇంగ్లీషులో చెప్పాలి. అన్నం, గుమ్మడాకు. అన్నం, నూరిన మిరపకాయ. ఒక పాప రోజూ అన్నం, ఉప్పు అనేది. ఆ పాపను మధ్యాహ్నం తనతో నిచ్చెన ఎక్కించేది. "ఆకలి మీదుండే బిడ్డకు లెక్క యాడ ఎక్కుతాది?" అనేది నాతో. వాళ్ళ భాషలో పంతులమ్మను థ్రామూ అంటారు. ఆ పిల్లలు థ్రామూ, థ్రామూ అని పిలుస్తుంటే ఆమె ఎంత మురిసిపోయేదో! అక్కడ నేను దెబ్బలకు కట్లు కట్టాను, చేతులు ఎలా కడుక్కోవాలో చూపించాను, లెక్కలు దిద్దాను. "నీకూ చెప్పేది వచ్చునే" అని ఒక్కసారి అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తదు కదా.

మడివాళలో ఆమె తలుపు కథ అక్కడినుంచి వచ్చిందే. మెట్ల పక్కనే ఇల్లు. పళ్ళెం పెట్టుకోగానే తలుపు బార్లా తీసేది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చే పీజీ పిల్లలు, పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు, కరెంటు మీటరు చూసే ఆయన, ఎవరు మెట్లెక్కినా, "రాప్పా, అన్నం ఉండాది" అని ఒక్క కేక. మొదట్లో జనం జడుసుకున్నారు. ఈ ముసలామె ఏదో అమ్ముతోందనుకున్నారు. తర్వాత్తర్వాత ఆకలేసిన వాళ్ళు ఆగడం నేర్చుకున్నారు. కడప అమ్మాయి అలా దగ్గరైందే.

సమాధికి తీసుకెళ్ళే ముందు ఆ తెల్ల గౌను ఆమెకు తొడిగింది నేనే. దానికి గుండీలు ఉండవు, తలమీదుగా వేయాలి. వార్డులో నేర్చుకున్న పని పనికొచ్చింది. చర్చిలో అందరూ ఏడుస్తుంటే నేను పూలదండల దారాలు విప్పుతూ కూర్చున్నాను. వర్తూరు పెద్దమ్మ నా భుజం కుదిపి, "ఏడ్వే తల్లీ, లోపల పెట్టుకోవద్దు" అంది. లోపల ఏముందో నాకు కనిపిస్తే కదా.

బయటికొచ్చాక అన్న నన్ను పక్కకు పిలిచాడు. "నవంబరు టికెట్ క్యాన్సిల్ చేసెయ్. అత్త ఉన్నింటే వేరే మాట. నువ్వు నర్సువి, టీచరువి కాదు కదా. సుమ్నే, ఊరికే పోయి ఏం చేస్తావు?" అన్నాడు. వాడిది కోపం కాదు, భయం. ఇంకో ఆడమనిషిని కొండల్లోకి పంపడం వాడికి ఇష్టం లేదు. "చూద్దాంలే అన్నా" అన్నాను. మన ఇళ్ళల్లో చూద్దామంటే ఏమిటో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వాడు తృప్తిగా తల ఊపాడు.

తర్వాతి ఆదివారం అత్త ఇంటికి వెళ్ళాను, వంటింట్లో పాడైపోయేవి తీసేద్దామని. పప్పుల డబ్బాలు, సగం వాడిన అల్లం, ఆమె అక్కడినుంచి తెచ్చుకున్న ఎండు మిరపకాయలు. మధ్యాహ్నమైంది. కాస్త బియ్యం పెట్టి, ఆ మిరపకాయలు నూరాను. పళ్ళెంలో వడ్డించుకున్నాను కానీ చెయ్యి కదల్లేదు. ఆ వారమంతా ఏదో గతికి బతికానే తప్ప, కూర్చుని తిన్నది లేదు. అప్పుడు ఫోన్ మోగింది. వీడియో కాల్. కరెన్ పల్లెలో అత్త దిగే ఇంటావిడ, అక్కడ చిన్న పిల్లలకు చెప్పే పంతులమ్మ కూడా ఆవిడే. పాస్టరు గారి ద్వారా వాళ్ళకు కబురు ముందే చేరింది. ఆవిడ వెనక వెదురు గోడ, గోడకు ఆనుకుని పిల్లలు. ఎవరూ అల్లరి చేయడం లేదు.

"అన్నం తిన్నావా?" అంది ఆవిడ, తనకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో. ఆ ఊళ్ళో ఏ మాటైనా దానితోనే మొదలవుతుంది.

"తిన్నాను" అన్నాను. అలవాటు.

ఆవిడ నమ్మింది, తల ఊపింది. ఆ పిల్లల్లో అన్నం-ఉప్పు పాప కనిపించింది, పొడుగైంది. తర్వాత ఆవిడ అడిగింది. "పిల్లలు ఉన్నారు. నువ్వు వస్తావా?"

చూద్దాం అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత మెత్తని మాట అది! ఎవరినీ నొప్పించదు. ఆవిడ సరేనంటుంది, ఫోన్ పెట్టేస్తుంది, మళ్ళీ అడగదు. ఎప్పటికీ అడగదు. అత్త తరగతి అక్కడితో ఆగిపోతుంది, అందరం మర్యాదగానే ఉంటాం.

"వస్తాను" అన్నాను. "వానలు తగ్గగానే వస్తాను."

ఆవిడ వెనక్కి తిరిగి వాళ్ళ భాషలో చెప్పింది. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నేను ఇంకో మాట కూడా చెప్పేశాను. "నేను తినలేదు. అబద్ధం చెప్పాను."

ఆవిడ లేచి వెళ్ళి తన పళ్ళెం తెచ్చుకుని ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. "రా, తిందాం" అంది. నేను కూడా ముద్ద కలిపాను. ఆ కారానికో ఎందుకో, కళ్ళు మండి నీళ్ళు కారాయి. ముక్కు ఎగబీలుస్తూనే తిన్నాను.

కింద గేటు చప్పుడైంది. ఎవరో మెట్లెక్కుతున్నారు. నేను లేచి ఎడమచేత్తో తలుపు బార్లా తీశాను. కడప అమ్మాయి, భుజాన బ్యాగు, చేతిలో హెల్మెట్. తీసి ఉన్న తలుపు చూసి అక్కడే మెట్టు మీద నిలబడిపోయింది.

"రాప్పా, అన్నం ఉండాది" అన్నాను. ఒక్కసారే అని, వచ్చి నా పళ్ళెం ముందు కూర్చున్నాను. కాసేపటికి, గడప అవతల చెప్పులు విప్పుతున్న చప్పుడు వినిపించింది.