తాత చెప్పిన పోర్చుగీసు

2020 జనాభా లెక్కల కాగితం ముందు వెర్లిన్ గోయిన్స్ పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నాడు. టెన్నెసీ కొండల్లో పొగాకు పండించి ముసలివాడైన మనిషి. ఈసారి జాతి పక్కనే మూలం కూడా రాయమన్నారు. తమ చామనఛాయకు కారణం పోర్చుగీసు రక్తమని ఆయన తాత ఊరందరికీ చెప్పాడు. అందుకే పిల్లల్ని, నల్లవాళ్ళను రానివ్వని తెల్లవాళ్ళ బడిలో చేర్చుకున్నారు. మొన్న క్రిస్మస్‌కు మనవరాలు టెస్సా ఆయన ఉమ్మి పంపి, వంశమూలాలు తేల్చే డీఎన్ఏ పరీక్ష చేయించింది. అందులో ఇంగ్లండు ఉంది, పశ్చిమాఫ్రికా ఉంది, పోర్చుగల్ మాత్రం లేదు.

"ఆ కాగితమేం కరవదు తాతా, రాసెయ్."

"మీ నాయనమ్మ ఉంటే నన్ను ఇంట్లోంచి తరిమేది."

"ఆవిడ పుట్టిందీ గోయిన్సుల ఇంట్లోనేగా. నీతోపాటు తనూ బయటికి నడవాల్సిందే."

వెర్లిన్ నవ్వాడు.

"మా తాత అబద్ధమాడాడని రాయమంటావా?"

"ఆయన పిల్లల్ని చదివించుకున్నాడు. నీకిప్పుడు ఆ అవసరం లేదుగా."

వెర్లిన్ తెలుపు, నలుపు రెండు గడుల్లోనూ టిక్కు పెట్టాడు.

మరుసటి మే నెలలో సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టడానికి నలభై మంది చుట్టాలు వచ్చారు. వెర్లిన్ ఆ టిక్కుల సంగతి చెప్పాక, భోజనానికి పదకొండు మంది మిగిలారు.