క్లైమాక్స్‌కు ముందు రెండో ఇంటర్వెల్

హాళ్లలో రీళ్లు పోయి డిజిటల్ వచ్చిన ఏడాది, ఎండాకాలంలో, నన్ను పెద్దపల్లి నుంచి చెన్నూరు రోడ్డులోని ఒక సినిమా హాలుకు మేనేజరుగా వేశారు. చుట్టూ గనుల కాలనీలు. చూసేవాళ్లలో ఎక్కువమంది బొగ్గుబాయి కుటుంబాలే.

ఆ వారం ఆడుతున్న సినిమా చివర గనికి నిప్పంటుకుంటుంది. మంట పాకకుండా అధికారులు అడ్డంగా గోడ కట్టించేస్తారు. హీరో లోపలే ఉండిపోతాడు. పొద్దుటాట విడవగానే గేటు దగ్గర వాదన మొదలైంది. డైరెక్టర్‌కు దిమాక్ లేదని కొందరు, బాయిల అయ్యేదే చూపించిండని కొందరు. మామూలుగా ఇలాంటి పంచాయితీలు చాయ్‌తో చల్లారతాయి. ఇది చల్లారలేదు. మ్యాట్నీ నడుస్తుండగా కుర్రాళ్ల గుంపు నా గది ముందుకొచ్చింది. ముందున్నవాడు అభిమాన సంఘం నాయకుడు శ్రీను. చేతిలో పెట్రోలు సీసా.

"లోపల మా అవ్వ ఉన్నది సార్. బాపు రెండో షిఫ్టుల బాయిలకు దిగిండు. గామెకు గా గోడ కట్టుడు సూపిస్తరా? గా ముక్క కోసెయ్యిండ్రి. లేకుంటే తెర కాలవెడతం."

కోయడం కుదరదన్నాను. నమ్మలేదు. ఎలా నమ్ముతారు? రీళ్ల కాలంలో జనం వద్దన్న ముగింపును మా ఆపరేటర్ యాకూబ్ కత్తిరించి, ఆఖరి పాట దగ్గరే ఆట ముగించేవాడు. డిజిటల్ బొమ్మకు తాళం వేసి పంపుతారు. ఆపగలం, కోయలేం.

"మొన్నటిదాంక కోసిండు గదా, ఇప్పుడేమైంది యాకూబ్ భాయ్‌కి?" అంటూ గుంపు మెట్ల వైపు కదిలింది. ప్రొజెక్షన్ గదికి ఒకటే తలుపు. యాకూబ్ లోపల గడియ పెట్టుకుని నాకు ఫోన్ చేశాడు. "సాబ్, జర జల్దీ ఏమన్న చెయ్యిండ్రి."

తెర అంటుకుంటే హాలంతా అంటుకుంటుంది. లోపల నిండా ఆడవాళ్లు.

బొమ్మ ఆపి లైట్లు వేయమన్నాను. తలుపులన్నీ బార్లా తెరిపించి మైకులో చెప్పాను: ఇది రెండో ఇంటర్వెల్, దీని తర్వాత గోడ కడతారు, చూడలేనివాళ్లు వెళ్లిపోవచ్చు. మీ అమ్మనే అడుగుదాం పద అని శ్రీనును వెంటబెట్టుకుని లోపలికి నడిచాను. సీసా ఇంకా అతని చేతిలోనే ఉంది.

కొందరు లేచి వెళ్లారు. శ్రీను వాళ్లమ్మ లేవలేదు.

"నడువు అవ్వా, పోదాం."

"దినాం మీ బాపు బాయిలకు దిగినప్పటిసంది గా గోడనే నా కండ్లముందట ఉంటది. ఇంక కొత్తగ సూసేదేమున్నది? కూసో బిడ్డా."

శ్రీను కూర్చున్నాడు. నేను చేయి చాపితే సీసా ఇచ్చేశాడు. బొమ్మ మళ్లీ మొదలైంది. చివరిదాకా ఒక్క ఈల వినపడలేదు.

బొమ్మ మధ్యలో ఆపినందుకు డిస్ట్రిబ్యూటర్ సంజాయిషీ అడిగాడు, ఇచ్చుకున్నాను. నేర్చుకున్నది మాత్రం ఇది: బయటికి దారి ఉందని తెలిస్తే చాలామంది కూర్చునే చూస్తారు. ఆ తర్వాత ఏ హాలులో పనిచేసినా, క్లైమాక్స్‌కు ముందు తలుపుల గడియలు నేనే వెళ్లి తీసేవాణ్ణి.