మార్త చదవాల్సిన లైన్లు

1998లో నేను వైజాగ్ వన్‌టౌన్‌లో ఒక ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి టీచర్ని. మాది గోదావరి జిల్లా. మావారికి పోర్టులో గుమస్తా ఉద్యోగం రావడంతో ఈ ఊరొచ్చి పడ్డాం. బడి పాతకాలపు పెంకుల కట్టడం. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టి, పట్టుకుంటే చేతికి ఎర్రగా తుప్పు అంటుకునేది. పిల్లల్లో సగం మంది ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వచ్చేవాళ్లు. తెల్లారకముందే లేచి ఇంట్లో పని చేసి వచ్చిన పిల్లలు, పదకొండు గంటలకల్లా బల్లల మీద తూగేవాళ్లు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ట్రైనింగుల మీద మాత్రం మహా నమ్మకం. ఏ ట్రైనింగుకి వెళ్లొచ్చినా మర్నాడే క్లాసులో బల్లలన్నీ అటూ ఇటూ జరిపించేదాన్ని. “మేడమ్ మళ్లీ సంసారం సర్దుతున్నారు” అని మా హెడ్మాస్టరుగారు నవ్వేవారు. ఆ ఏడాది వేసవి ట్రైనింగులో నేర్చుకొచ్చింది ‘పెయిర్ రీడింగ్’. ఇద్దరిద్దరు పిల్లలు ఒకే పుస్తకం పట్టుకుని, ఒక లైను ఒకరు, తర్వాతి లైను ఇంకొకరు పైకి చదవాలి. చదువు వచ్చిన పిల్ల పక్కన తడబడే పిల్లను కూర్చోబెడితే ఇద్దరూ బాగుపడతారని చెప్పారు. దానికి రెండు నియమాలు. అవతలివాళ్ల లైను మనం చదవకూడదు. వాళ్లు తడబడితే వెంటనే అందించకుండా మనసులో పది లెక్కపెట్టి, అప్పుడు అందించాలి. ఈ రెండూ పిల్లల చేత వల్లె వేయించాను. ఎవరైనా తొందరపడి పక్కవాళ్ల లైను చదివేస్తే బల్ల మీద చేత్తో కొట్టి, “అది నీది కాదు” అని గదమాయించేదాన్ని.

మూడో వరసలో కిటికీ పక్క జంట నూకరత్నం, మార్త. నూకరత్నం సన్నగా, చురుగ్గా ఉండేది. అమ్మానాన్నలు బోటు పనులకు ఒరిస్సాలోని పారాదీప్ వెళ్లిపోతే, చేపలమ్మే నాయనమ్మ అప్పలనరసమ్మ పెంచుతోంది. మార్త ఐసు ఫ్యాక్టరీ కూలీ కూతురు. బొద్దుగా ఉండి ఎప్పుడూ నవ్వుతుండేది. చదవడం దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు పట్టేసేది. రైలు ప్రయాణం పాఠంలో ‘ప్రయాణికులు’ అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోయేది. నూకరత్నం గౌను అంచు వేళ్లకు చుట్టుకుంటూ, పెదాలు కదుపుతూ పది లెక్కపెట్టి, మెల్లిగా అందించేది. నా పద్ధతి ఎంత బాగా పనిచేస్తోందో చూడండని హెడ్మాస్టరుగారిని పిలిచి మరీ చూపించాను.

దసరా సెలవుల్లో మార్తకు మెదడువాపు జ్వరం వచ్చింది. మూడు రోజులు పెద్దాసుపత్రిలో ఉండి చనిపోయింది. బడి తెరిచిన రోజు హెడ్మాస్టరుగారు నాకు చెప్పారు. నేను స్టాఫ్ రూములో కాసేపు కూర్చుని ఏడ్చాను. తర్వాత అటెండెన్స్ రిజిస్టరు తీసి, ఎర్ర సిరాతో మార్త పేరు మీద గీత గీశాను. క్లాసుకెళ్లి పేర్లు పిలిచినప్పుడు ఆ పేరు వదిలేసి కిందిది పిలిచాను. నలభై మంది పిల్లలు నా మొహంలోకి చూశారు. చిన్నపిల్లలు, ఏం చెబుతాం, వాళ్లే మరిచిపోతారులే అనుకుని ఎక్కాల పుస్తకం తెరిచాను.

ఆ రోజు నుంచి నూకరత్నం నోరు తెరవలేదు.

హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. లెక్కలు చేసేది, కాపీ రాసేది. మాట మాత్రం లేదు. మొదట్లో అలిగిందనుకున్నాను. తర్వాత పొగరనుకున్నాను. ఒకసారి విసుగొచ్చి బయట నిలబెట్టాను కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. పుస్తకం చదివే పీరియడ్‌లో ఆ పిల్లను చూస్తే నాకు ఒళ్లు జలదరించేది. బల్ల చివరికంటా జరిగి కూర్చుని, పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలేది. పుస్తకాన్ని సగం ఆ ఖాళీ వైపు జరిపేది. ఒక లైను కింద వేలు పెట్టి కళ్లతో చదువుకునేది. తర్వాత తల పక్కకు తిప్పి, ఓపిగ్గా ఎదురు చూసేది. కాసేపటికి తల ఊపి, మళ్లీ వేలు పెట్టేది.

ఆ బల్ల మీద ఇంకెవరూ కూర్చోవడం లేదని నేను ఆలస్యంగా గమనించాను. ఒక పిల్లను అక్కడికి వెళ్లమంటే గోడకు అతుక్కుపోయింది.

“నాను కూకోను టీచర్. అక్కడ మార్త ఉంది” అంది.

“పిచ్చిమాటలు మాట్లాడకు” అని కసిరాను. కానీ నేను కూడా ఆ చోటుకు చెయ్యి ఆనించకుండా పక్కనుంచి నడుస్తున్నానని అప్పుడే నాకు తెలిసింది.

డిసెంబరులో అప్పలనరసమ్మను పిలిపించాను. చేపల తట్ట గుమ్మం బయట పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“మామ్మా, ఇంట్లో మాట్లాడుతుందా?” అని అడిగాను.

“ఇంటికాడ బాగానే మాటాడతాదమ్మా. తిండికి, నీళ్లకి అన్నిటికీ నోరు ఇప్పుతాది. సందేల మాత్రం పుస్తకం అట్టుకుని గోడవార కూకుంటాది. సదువుతాది, ఆగుతాది. మల్లీ సదువుతాది, ఆగుతాది. ఎవలితో సదువుతన్నావే గుంటా అంటే నా వొంక సూడదు. నాకు బయమేత్తంది టీచరమ్మా. ఆ సచ్చిపోయిన పిల్ల దీన్ని ఒగ్గట్లేదు.”

“అలాంటిదేం లేదు మామ్మా.”

“నేదంటే నేదులే. కిస్మస్ సెలవలదాకా సూత్తాను. బళ్లో మాట రాని గుంటకి సదువేటికమ్మా? రొయ్యల షెడ్డుకి ఒట్టుకుపోతాను. నాలుగు రొయ్యలు ఒలుసుకుంటే దాని కూడు అది తింటాది. అక్కడ మాటతో పనేటి?”

రొయ్యల షెడ్డుకు వెళ్లిన ఆడపిల్ల మళ్లీ బడికి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఐసులో నాని, వేళ్లు తెల్లగా పాలిపోయిన చేతులు ఎన్నో చూశాను. హెడ్మాస్టరుగారేమో మూగబడికి రాసేద్దామన్నారు. సెలవులకు పట్టుమని పదిహేను రోజులు లేవు.

ట్రైనింగులో మాకు చెప్పిన లెక్చరరుకు ఫోను చేశాను. ఇంట్లో మాట్లాడుతూ బడిలో మాట్లాడని పిల్లలుంటారనీ, దానికి ‘సెలెక్టివ్ మ్యూటిజం’ అని పేరుందనీ, అది మొండితనం కాదనీ ఆవిడ చెప్పారు. బలవంతం చేయొద్దన్నారు. ఇంట్లో చదివింది టేపు చేయించి, ముందు ఆ గొంతును బడిలోకి తీసుకురమ్మన్నారు. సరేనని మా ఇంట్లో పాటలు వినే టేప్‌రికార్డరు అప్పలనరసమ్మకిచ్చి, ఎర్ర మీట ఎలా నొక్కాలో చూపించాను. నూకరత్నానికి కూడా చెప్పాను, “నీకిష్టమైన పాఠం చదువు, నేనొక్కదాన్నే వింటాను” అని. ఆ పిల్ల తలాడించింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చుని ఆ క్యాసెట్ పెట్టాను. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. పిల్లలు గోలగోలగా ఆడుకుంటున్నారు. టేపులో ముందు గిన్నెల చప్పుడు, కోళ్ల అరుపులు. తర్వాత నూకరత్నం గొంతు. రైలు ప్రయాణం పాఠం. ఒక్క తప్పు లేకుండా మొదటి లైను చదివి ఆగింది. కాసేపటికి మళ్లీ చదివింది. అది రెండో లైను కాదు, మూడోది. మళ్లీ ఆగింది. తర్వాత ఐదోది.

నేను టేపు ఆపి, పాఠ్యపుస్తకం తెచ్చుకుని, మొదటి నుంచి పెట్టాను. ఈసారి ఆ పిల్ల ఆగినప్పుడల్లా తప్పిపోయిన లైనును నేను మనసులో చదువుకుంటూ వెళ్లాను. మార్త చదివినంత నిదానంగా. ప్రతి లైనూ ఆ నిశ్శబ్దంలో సరిగ్గా సరిపోయింది. నా లైను అయ్యేసరికి నూకరత్నం అందుకుంటోంది. ఒక్క రెప్పపాటు ముందు కాదు, వెనక కాదు.

రెండో పేజీ చివర్లో ‘ప్రయాణికులు’ వచ్చే లైను దగ్గర నిశ్శబ్దం సాగింది. టేపులోనే ఎక్కడో బోటు ఇంజను దడదడమంది. నేను తెలియకుండానే లెక్కపెడుతున్నాను. ఎనిమిది, తొమ్మిది, పది. టేపులోంచి నూకరత్నం గొంతు మెల్లిగా, ఎంతో లాలనగా, “ప్రయాణికులు” అని అందించింది. మళ్లీ ఆగింది, మిగిలిన లైను పూర్తయ్యేంతసేపు. తర్వాత “ఊఁ” అని, పేజీ తిప్పిన చప్పుడు.

సరిగ్గా అప్పుడే పోర్టు సైరన్ మోగింది. నేను కుర్చీలోంచి లేచి వరండాలోకి వచ్చేశాను. ఎండలో నిలబడ్డా చేతుల మీద రోమాలు అణగలేదు. ఆ పిల్లకు ఏ దెయ్యమూ పట్టలేదు. పట్టింది నా నియమం. అవతలివాళ్ల లైను చదవకూడదని నేనే బల్ల కొట్టి చెప్పాను. జంటను కలిపింది నేను. ఆ జంట ఇక లేదని చెప్పాల్సింది కూడా నేనే. ఎర్ర సిరా గీత నా రిజిస్టరులో ఉంది గానీ పిల్లలకు ఎవరు చూపించారు?

అయినా వెంటనే బుద్ధి రాలేదు. మర్నాడు నేనే వెళ్లి ఆ ఖాళీలో కూర్చుని, మార్త లైను చదవబోయాను. నూకరత్నం పుస్తకం మూసేసి, నావైపు చూసింది. నేను దొంగతనంగా ఎవరి చోట్లోనో దూరినట్టు చూసింది. లేచి వచ్చేశాను.

సెలవులకు ముందు చివరి రోజు, మధ్యాహ్నం మొదటి పీరియడ్. అప్పలనరసమ్మ మనవరాలిని తీసుకుపోవడానికి వచ్చి, తట్టతో గుమ్మంలో నిలబడింది. నేను క్లాసు ముందు నిలబడి చెప్పాను.

“మార్త చనిపోయింది. సెలవుల్లో జ్వరం వచ్చి చనిపోయింది. ఇక బడికి రాదు. ఆ మాట నేను మీకు ఆ రోజే చెప్పాలి. చెప్పకుండా పేరు కొట్టేశాను. తప్పు నాది.”

ఎవరో వెక్కారు. ఒక పిల్లాడు, “నాకు తెల్సు టీచర్, మా అమ్మ సావుకి ఎల్లింది” అన్నాడు. ఒకమ్మాయి మార్త తనకిచ్చిన రబ్బరు తీసి చూపించింది. మూడు నెలలుగా బిగబట్టిన మాటలన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. ఆ గోల మధ్యలో మూడో వరసలోంచి ఒక గొంతు వినపడింది. 

“మరి దాని లైన్లు ఎవలు సదువుతారు టీచర్?”

నూకరత్నం లేచి నిలబడి ఉంది.

“నువ్వు చదువు తల్లీ” అన్నాను.

“నాను సదివేత్తే అది ఏటి సదువుతాది?”

పదిహేనేళ్ల సర్వీసులో నన్ను ఏ ఇన్‌స్పెక్టరూ అలాంటి ప్రశ్న అడగలేదు.  ఏడుపొచ్చింది, పిల్లల ముందే ఏడ్చాను. కొంగుతో మొహం తుడుచుకుని, నోటికొచ్చింది చెప్పాను. “రైలు పాఠంలో మార్త లైన్లు మార్తకే ఉంచేద్దాం. ఎవరూ చదవొద్దు. మిగతా పాఠాలు నువ్వు మొత్తం చదువుకో. సరేనా?”

 ఆ పిల్ల పుస్తకం తెరిచి మొదటి లైను చదివింది. ఆగింది. నలభై మందిమీ ఆగాం. మూడో లైను క్లాసంతా తనతో కలిసి చదివింది. మళ్లీ అందరం ఆగాం. అంతమంది పిల్లలు ఒక్కసారి ఊపిరి బిగబడితే ఒక గది ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. ఆ లైను దగ్గరికొచ్చాక ఎవరూ చెప్పకుండానే పెదాలన్నీ లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. పదికి అందరూ కలిసి, మెల్లిగా, “ప్రయాణికులు” అన్నారు.

పాఠం అయ్యాక నూకరత్నం పుస్తకాన్ని తన ముందుకు పూర్తిగా లాక్కుని, తర్వాతి పాఠం ఒక్కతే, అన్ని లైన్లూ చదవడం మొదలుపెట్టింది.

గుమ్మంలో అప్పలనరసమ్మ తట్ట కింద పెట్టేసింది. “సెలవలయ్యాక బేగి అంపుతానమ్మా” అని మాత్రం అని, కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది. మనవరాలు చివరి గంట దాకా క్లాసులోనే ఉంది.

తర్వాత చాలా ట్రైనింగులకు వెళ్లాను, చాలా పద్ధతులు తెచ్చాను. ఏ కొత్త నియమం పెట్టినా, దాన్ని ఎప్పుడు వదిలేయొచ్చో కూడా ఆ రోజే పిల్లలకు చెప్పడం నేర్చుకున్నాను. రిజిస్టరులో ఒక పేరు కొట్టేయాల్సి వస్తే, అది బదిలీ అయినా సరే, ముందు క్లాసుకు చెప్పి తర్వాతే పెన్ను తీస్తాను. కొన్నేళ్లకు పుస్తకాలు మారి, రైలు పాఠం పోయింది. అయినా ఇప్పటికీ ఏ పిల్లయినా చదువుతూ తడబడితే నేను లోపల పది లెక్కపెడతాను. తొమ్మిది దగ్గర మాత్రం, నాకంటే ముందు ఎవరైనా అందిస్తారేమోనని మూడో వరస వైపు చూస్తాను.