ఎర్రమెట్ట మైదానాన్ని చూసిన జర్మన్

మా ముత్తాత జగన్నాథరాజుగారు ఎర్రమెట్ట జమీందారు. పద్దెనిమిది గ్రామాల శిస్తు ఆయన కచేరీకి వచ్చేది. తాతగారి కాలానికి జమీ పోయి బిరుదు మిగిలింది. మా నాన్నగారు రామభద్రరాజుగారు ఉన్నంతలోనే ఒక హాకీ జట్టును పోషించారు. కోట వెనక ఎర్రమట్టి మైదానం వేయించి, ఎడ్ల చేత రాతి రోలరు లాగించి అద్దంలా ఉంచేవారు. నా చిన్నతనంలో జర్మనీ క్లబ్బు జట్టొకటి దేశం తిరుగుతూ వచ్చి అక్కడ మ్యాచ్ ఆడింది. ఈ మాట చెబితే ఇప్పుడు మర్యాదకు తల ఊపుతారు, నమ్మరు. ఫొటోలు చెదలు తినేశాయి. ఆనాటి మా ఆటగాళ్లు ఒక్కరూ మిగల్లేదు.

ఈ శరదృతువులో అమెరికాలో డెట్రాయిట్ దగ్గరి నోవైలో మా చెల్లెలి ఇంట్లో ఉండగా, వాషింగ్టన్ దగ్గరి హెర్న్‌డన్‌లో ఉద్యోగం చేస్తున్న ఆమె మనవరాలు శ్రావ్య ఫోన్ చేసింది.

"తాతయ్యా, మా ఆఫీస్ దగ్గర స్కూల్‌లో ఒక హాకీ కోచ్ ఉన్నాడు. జర్మన్. హెల్ముట్ అంట. యంగ్‌గా ఉన్నప్పుడు ఇండియాలో ఆడాడంట. మీవాడేనా?"

ఆ పేరు నాకు గుర్తుంది. ఎండకు చెవులు కందిపోయిన పొడుగాటి డిఫెండర్. ఆయనకు గుర్తుంటే మా మైదానం ఉన్నట్టు. లేకపోతే ఇన్నేళ్లూ నేను చెప్పుకున్నది కోతల్లో కలిసినట్టే. "టికెట్ బుక్ చేయి" అన్నాను.

డెట్రాయిట్ నుంచి ఉదయం విమానం. చెల్లెలు కట్టిచ్చిన పులిహోర డబ్బాను తనిఖీలో తెరిచి చూసి, మర్యాదగానే తిరిగి ఇచ్చారు. పక్క సీట్లో వరంగల్ అబ్బాయి, సాఫ్ట్‌వేర్. పని మీద హెర్న్‌డన్‌కే వెళ్తున్నాడు. నేను వెళ్తున్న పని విని నవ్వాడు.

"జర్మనాయన్ను చూడనీకి అమెరికా వచ్చిన్రా అంకుల్? జర్మనీకి పోవాలె గదా! ఈడ ఆ హాకీ ఎక్కువ ఆడపిల్లలే ఆడుతరు."

 నేను అతనికి పులిహోర సగం పెట్టాను.

డల్లెస్ విమానాశ్రయంలో దిగేసరికి పదిన్నర. అక్కడి నుంచి హెర్న్‌డన్‌కు మెట్రో ఉంది. సామాను తక్కువైతే అదే హాయి. శ్రావ్య కారు తెచ్చింది.

"నేనెవరో ఆయనకు చెప్పకు" అన్నాను.

"ఎందుకు?"

"మా ఇంట్లో మా గురించి మేం చెప్పుకోం."

"మరి ఆయనకి ఎలా తెలుస్తుంది తాతయ్యా? స్మెల్ చేస్తాడా?"

మ్యాచ్ సాయంత్రం నాలుగింటికి. స్కూలు మైదానం పచ్చటి కృత్రిమ గడ్డి. ఆటకు ముందు పైపులతో దాన్ని నిలువునా తడిపారు. ఎర్రమెట్టలో కావిళ్లతో నీళ్లు చల్లడం గుర్తొచ్చింది. మెట్ల మీద తల్లిదండ్రులు దుప్పట్లు కప్పుకొని కూర్చున్నారు. హెల్ముట్ తెల్లజుట్టుతో, ఒక మోకాలు బిగపట్టి నడుస్తున్నాడు. ఒకసారి మా వైపు చూసి, ముఖం తిప్పుకున్నాడు. ఆయనకు గుర్తు లేదనుకున్నాను.

అప్పుడు ఆయన జట్టు కెప్టెన్ మైదానం దాటి వెళ్లి, అవతలి జట్టు కెప్టెన్‌కు ఒక స్టిక్కును రెండు చేతులతో, తల కాస్త వంచి అందించింది.

నేను లేచి నిలబడ్డాను. ఎర్రమెట్టలో అతిథి జట్టు నాయకుడికి నాన్నగారు అలాగే అందించేవారు. ఆ సమయంలో ఇంటివాళ్లం కూర్చోకూడదు.

శ్రావ్య కోటు పట్టి లాగింది. "తాతయ్యా, సిట్! ఆంథెమ్ అయిపోయింది!"

నేను కూర్చోలేదు. హెల్ముట్ తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు. కుంటుకుంటూ మెట్ల దాకా వచ్చాడు.

"ఎర్ర మైదానమా?" అన్నాడు ఇంగ్లీషులో.

"రామభద్రరాజుగారి అబ్బాయిని."

"గోడెక్కి మా గోల్‌కీపర్‌ను వెక్కిరించిన పిల్లాడు?"

"నేనే" అన్నాను. శ్రావ్య పకపకా నవ్వింది.

ఆయన అంపైర్లను ఆగమని, ఆ స్టిక్కునే తిరిగి తెప్పించి నా చేతిలో పెట్టాడు. పళ్లకు తీగలు కట్టించుకున్న ఆ అతిథి కెప్టెన్‌కు మా నాన్నగారిలాగే అందించాను. "థాంక్యూ సర్" అంది.

ఆయన జట్టు ఓడింది. ఆయనకు పట్టలేదు. దగ్గర్లోని డోనట్ల దుకాణంలో కాఫీ తాగుతూ తన కథ చెప్పాడు. తండ్రి ట్రాములు బాగుచేసే మెకానిక్. పచ్చికలో ఆట నేర్చాడు. తర్వాత కృత్రిమ గడ్డి వచ్చి బంతి వేగం పెరిగితే తోటివాళ్లు తడబడ్డారట. "ఆ వేగం నాకు మీ మట్టి ముందే నేర్పింది" అన్నాడు. దేశపు జట్టులో చాలాకాలం ఆడి, మోకాలు పోయాక, భార్య ఊరని ఇక్కడికి వచ్చాడు. ఆడపిల్లలకు నేర్పుతానంటే పాత స్నేహితులు నవ్వారట. "మీ నాన్నగారు ఓడిన మాకు ముందు వడ్డించి, తర్వాత తన జట్టుకు పెట్టారు. కోచింగ్ అంటే నాకు తెలిసింది అదే."

తర్వాత అడిగాడు. "మైదానం ఎలా ఉంది?"

"లేదు."

 ఆయన నా వైపు ఇంకో డోనట్ జరిపాడు.

మర్నాడు మధ్యాహ్నం విమానం. డల్లెస్‌లో దింపుతూ శ్రావ్య అంది, "మా ఫ్రెండ్స్‌కి చెప్తాను తాతయ్యా, మనకి ఓన్ గ్రౌండ్ ఉండేదని." మనకి అంది. కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడుగునా ఆ ముసలాయనకు, పేర్లు తెలియని ఆ ఇద్దరు కెప్టెన్ అమ్మాయిలకు మనసులో నమస్కరించుకుంటూనే ఉన్నాను. అటు వెళ్లేవారు శరదృతువులో ఏ సాయంత్రమైనా స్కూలు మైదానాల వైపు వెళ్లండి. మ్యాచ్ మొదలయ్యే ముందే వెళ్లండి.

నాన్నగారు పోయాక మైదానాన్ని ప్లాట్లు చేసి అమ్మాం. రాతి రోలరును రోడ్డు కాంట్రాక్టరు కొనుక్కున్నాడు.