వడ్ల తేమ చూసి రమ్మంటే

మొన్న సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర మా మేనమామ నన్ను కొత్త వియ్యాలవారికి చూపించి, “మా అల్లుడు మీసాలు రాకముందే సీఐడీ పని చేసిండు, మిర్యాలగూడ మిల్లోళ్ళను గడగడలాడిచ్చిండు” అన్నాడు. అందరూ నవ్వారు. నేను చేయి కడుక్కుని బయటికి వచ్చేశాను. మావాళ్ళు ఆ కథ సగమే చెబుతారు. మిగతా సగం ఇది.

మాది నేరేడుచర్ల పక్క పల్లె. కోసిన రోజే పచ్చి వడ్లను ట్రాక్టర్లలో మిర్యాలగూడ మిల్లులకు తోలడం మా దిక్కు రివాజు. ఎండబోయడానికి చోటూ ఉండదు, ఆగే ఓపికా ఉండదు. మిల్లు గేటు దగ్గర గుప్పెడు వడ్లు మిషన్లో పోసి తేమ చూస్తారు. తేమ ఎంత ఎక్కువ చూపిస్తే ధర అంత తగ్గుతుంది. ఒక మిల్లులో మా ఊరి వడ్లకు ప్రతిసారీ తేమ ఎక్కువే వస్తోందని అందరికీ అనుమానం. నేను అప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను కనుక, సెలవుల్లో ట్రాక్టర్ వెంట వెళ్ళి గుట్టు కనిపెట్టమని నాన్న, మేనమామ నన్ను పంపారు.

మిషన్ దగ్గర కూర్చునేది మిల్లు యజమాని కొడుకు, నా ఈడువాడు. వాళ్ళమ్మది ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడ కావడంతో మాటలో ఆంధ్ర యాస. వెళ్ళిన రెండో రోజే నన్ను పట్టేశాడు.

“రైతు కొడుకువైతే రేటు అడగాలి. మిషన్ వంక చూస్తావేంటి, గూఢచారి గారూ?”

“నాకు మిషన్లంటే ఇష్టం.”

“మిషన్లేనా?” అన్నాడు, నవ్వకుండా.

మిస్డ్ కాల్స్ ఇచ్చుకున్న మన తరానికి తక్కినది చెప్పనక్కర్లేదు. మిల్లువాళ్ళ కంటా మా ఊరివాళ్ళ కంటా పడకుండా, అమ్మమ్మ ఇంటికని చెప్పి అతను వస్తే, ఆదివారాలు కోదాడ బస్టాండు వెనక చెరకురసం బండి దగ్గర కలిసేవాళ్ళం. అతను మాట్లాడుతుంటే నేను గ్లాసు పట్టుకుని ఊరికే వినేవాణ్ణి. మనసులో ఉన్నదానికి నాకింకా పేరు తెలియదు. అతనికి తెలుసు, ముందు అతనే చెప్పాడు.

ఈలోగా మోసమూ దొరికింది. మిషన్ సరిగ్గానే ఉంది. గుమాస్తా మచ్చుకు తీసిన వడ్లను ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి కాసేపు ఎండలో పెట్టేవాడు. లోపల చెమట పట్టాక మిషన్లో పోయించేవాడు. నేను చూశానని యజమాని కొడుకు గమనించాడు. ఇది వాళ్ళ నాన్న ఏర్పాటేనని, తనకు అసహ్యమని చెప్పి, “వెళ్ళి మీవాళ్ళకు చెప్పు. చెప్పకపోతే నాతో మాట్లాడకు” అన్నాడు.

చెప్పాను. ఊరి రైతులందరినీ తీసుకెళ్ళి గేటు దగ్గరే నిలదీయమన్నాను. ఆ అబ్బాయి మీద మాత్రం మాట రావద్దన్నాను.

“ఆని మీద రావద్దా? ఆడు నీకేమైతడు?” అన్నాడు నాన్న.

ఇంట్లో అన్న మాట గడప దాటదని నా నమ్మకం. “ఆడంటే నాకిష్టం నాయినా. దోస్తు లెక్క కాదు” అన్నాను.

నాన్న తువ్వాల భుజానేసుకుని పశువుల కొట్టం వైపు వెళ్ళిపోయాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. మేనమామ మాత్రం, “రేపు నువ్వు గూడ రా అల్లుడా” అన్నాడు.

మరునాడు ఊరివాళ్ళెవరూ రాలేదు. మిల్లు ఆఫీసు గదిలో సంచి మాట, చెమట మాట ఎత్తనే లేదు. మేనమామ నన్ను గుమ్మంలో సాక్ష్యంలా నిలబెట్టి, “మీ పిలగాని ముచ్చట బజాట్ల పడకుండ మేం సూసుకుంటం. మా వడ్ల సంగతి మీరు సూసుకోండ్రి” అన్నాడు. నాన్న నేల చూపులు చూస్తూ తలూపాడు. యజమాని లేచి తలుపు వేశాడు.

ఆనాటి నుంచి మా ఇంటి ట్రాలీలకు తేమ చూడడమే లేదు. ఊరి తక్కిన వడ్లకు ఎండలో సంచి లోపల చెమట పడుతూనే ఉంది. మిషన్ దగ్గర వేరెవరో కూర్చున్నారు. అతని ఫోను మళ్ళీ మోగలేదు. మిల్లు కూలీలను అడిగితే, ఎటో చుట్టాలింటికి పంపారని ఒకరు, పెద్ద దెబ్బలు తగిలాయని ఒకరు చెప్పారు. కోదాడలో వాళ్ళ అమ్మమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. నా పేరు వినగానే గేటుకు తాళం వేశారు.

ఇప్పుడు నేను కొలత పరికరాలు సరిచేసే ఉద్యోగం చేస్తున్నాను. మాలాంటివాళ్ళ ప్రేమను నేరమన్న చట్టం మారింది. నేను మాట దాచకుండా చెప్పుకు తిరిగే చోట్లున్నాయి, స్నేహితులున్నారు. మావాళ్ళు కూడా పెళ్ళిళ్ళకు పిలుస్తున్నారు, పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు, నన్ను ఎప్పుడో క్షమించేశామన్న మర్యాదతో అన్నం వడ్డిస్తున్నారు. ఆ మర్యాద చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు ఫంక్షన్ హాలు బయట అమ్మ నా వెనకాలే వచ్చి, ఎవరూ లేకుండా చూసి, ఇన్నేళ్ళకు మొదటిసారి అడిగింది.

“ఆ పిలగాడు ఏమైండు బిడ్డా?”

అడగాల్సిన నాడు అడిగి ఉంటే వెతకడానికి నాకొక మనిషి తోడుండేది. తెలియదమ్మా అన్నాను.