నిజ్వా కోట దగ్గర నాలుగో కప్పు

నిజ్వా కోటలో ఆ రోజు చూసిన బురుజులూ ఫిరంగులూ ఇప్పుడేవీ గుర్తులేవు. కాఫీ మాత్రం గుర్తుంది.

గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్న ఒమానీ ముసలాయన నన్ను పిలిచి, ఖర్జూరాలు పెట్టి, చిన్న కప్పులో కాఫీ పోశాడు. గోడకు మట్టి పూస్తున్న పనివాణ్ణీ పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను కప్పు తిరిగిచ్చిన ప్రతిసారీ మళ్లీ నింపాడు. నాలుగోసారికి పనివాడు నవ్వాడు.

"కప్పు ఊపి ఇయ్యాలె సార్. ఊపితే చాలని. లేకుంటే పోస్తనే ఉంటడు."

జగిత్యాల మనిషట. మస్కట్‌లో తొమ్మిదేళ్లుగా ఉన్నా నాకీ సంగతి తెలీదన్నాను.

"తొమ్మిదేండ్లల్ల ఒక్కలు గూడ ఇంటికి పిల్వలేదా సార్?" అన్నాడు జాలిగా.

ఒళ్లు మండింది. నేను మాత్రం ఎవర్ని పిలిచానని?

"శుక్రవారం సెలవుంటది సార్. అప్పుడప్పుడు మస్కట్ వస్తుంట. మీ ఇల్లెక్కడ?"

"వాదీ కబీర్ వైపు," అన్నాను. ఏ బిల్డింగో చెప్పలేదు. ఫోన్ నంబర్ అడుగుతాడేమోనని, చేతిలో కప్పు గబగబా ఊపి ముసలాయనకిచ్చి లేచాను.

ఆ ఊపడం ముసలాయన కోసం కాదని అతనికి తెలిసిపోయింది. తల వంచుకుని మట్టి తట్ట అందుకున్నాడు.